ఉత్కంఠ చిత్రాలు – ప్రేక్షకుని తీర్పు

తెలుగునాట సినిమాను గురించి అభిప్రాయం చెప్పని మనిషి అరుదు. వానను గురించి, పంటను గురించి మాట్లాడుకున్నంత చనువుగా జనం సినిమాను గురించి మాట్లాడుకుంటారు. అయితే అన్ని చిత్రాలను గురించీ ఒకే తీరున మాట్లాడుకోవడం సాధ్యం కాదు. పౌరాణిక చిత్రం చూచి వచ్చినవాడు కథంతా పూసగుచ్చినట్లు చెప్పినా వినేవానికి నష్టం లేదు. ఆ కథ అతనికి ముందే తెలుసు. కుటుంబ కథాచిత్రం చూచి వచ్చినవాడు ముగింపు చెప్పినా పెద్దగా కొంప మునగదు. ఉత్కంఠ ప్రధానమైన చిత్రం చూచి వచ్చినవానికి మాత్రం నోరు సగమే స్వాధీనంలో ఉంటుంది. చిత్రం బాగుందని చెప్పాలి. ఎందుకు బాగుందో చెప్పబోతే గుట్టు బయటపడుతుంది. గుట్టు దాచిపెడితే తన మెప్పుకు ఆధారం లేకుండా పోతుంది. ఈ ఇరకాటంలో పుట్టిన అభిప్రాయాలు కనుకనే ఉత్కంఠ చిత్రాలను గురించి ప్రేక్షకులు చెప్పే మాటలు తరచుగా పోలికల రూపంలో ఉంటాయి. ఫలానా పాత చిత్రంలా ఉందనో, ఫలానా దర్శకుని పోకడ కనిపించిందనో అంటారు. పోలిక చెప్పడం గుట్టు విప్పకుండా మెచ్చుకొనే ఉపాయం. ఒక్కొక్కప్పుడు అదే నిందించే ఉపాయం కూడా అవుతుంది.

2019 జూన్ 21న విడుదలైన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ ఇటువంటి పోలికలకు బాగా గురైన తెలుగు చిత్రం. స్వరూప్ ఆర్‌.ఎస్‌.జె. దీనికి దర్శకుడు. దర్శకునిగా ఆయనకు ఇదే తొలి చిత్రం. కథానాయకునిగా నటించిన నవీన్ పోలిశెట్టి రచనలో కూడా పాలుపంచుకున్నాడు. నెల్లూరులో ఒక చిన్న అపరాధ పరిశోధన కార్యాలయం నడుపుకొనే యువకుడు ఇందులో నాయకుడు. ఆ కార్యాలయానికి ‘ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్’ అని పేరు పెట్టి, పొడి అక్షరాల్లో అమెరికా వారి సంస్థ పేరు పలికేటట్లు చేశాడు. విదేశీ చిత్రాల్లోని అపరాధ పరిశోధకులంటే అతనికి వల్లమాలిన ఆరాధన. వారి వేషం, నడక, మాట అన్నీ అనుకరిస్తాడు. చేతికి వచ్చేవి మాత్రం చిల్లర వ్యవహారాలు. అటువంటి వానికి రైలు పట్టాల పక్కన పడి ఉన్న ఒక గుర్తు తెలియని శవం ఎదురవుతుంది. ఆ తరువాతి కథ ఇక్కడ అనవసరం. చూడనివారు ఇంకా ఉన్నారు.

ఈ చిత్రం వచ్చిన కాలం ఆరుద్ర కార్తె ముంగిట. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని పల్లెల్లో అది నారుమళ్ళకు అదును చూసుకొనే వేళ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల నడుమ ఉన్న గరిడేపల్లి వంటి మండల కేంద్రంలో సినిమా ప్రేక్షకుడు నగర ప్రేక్షకుని వంటివాడు కాడు. తొలిరోజు తొలి ఆట చూడవలెనన్న పట్టుదల కుర్రకారుకు ఉంటే ఉండవచ్చు. మిగిలినవారు పొలం పని తెరిపినిచ్చినప్పుడు, పట్టణంలో ఎరువుల పనో, ఆసుపత్రి పనో, పెళ్ళి బట్టల పనో పడినప్పుడు ఆ వంకతో ఒక ఆట చూచి వస్తారు. పెద్ద తారలు లేని చిత్రం పట్టణ థియేటరులో ఎన్నాళ్ళు ఉంటుందో తెలియదు. చాలామందికి అది తరువాత ఇంటి తెర మీదనో, చేతిలోని ఫోనులోనో ఎదురవుతుంది. అనగా ఉత్కంఠ చిత్రం వీరిని చేరే నాటికి దానిని గురించిన అభిప్రాయాలు ముందుగానే చేరి ఉంటాయి. చిత్రం కంటే ముందుగా తీర్పు వచ్చి కూర్చుంటుంది. ఈ విషయం చిన్నదిగా కనిపించినా, ఉత్కంఠ చిత్రం విషయంలో ఇదే అసలు చిక్కు.

ఆ తీర్పులను కొంచెం పరిశీలించడం మంచిది. ‘ఏజెంట్ సాయి’ని చూచినవారిలో ఒక వర్గం 1986 నాటి ‘చంటబ్బాయ్’ని తలచుకుంది. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల తీసిన ఆ చిత్రంలో చిరంజీవి పాండురంగారావు అనే పరిశోధకునిగా నటించాడు. నవ్వు, నేరపరిశోధన ఒకే ఒరలో ఇమడగలవని తెలుగు ప్రేక్షకునికి నిరూపించిన చిత్రాల్లో అది ముఖ్యమైనది. అందులో చిరంజీవి చార్లీ చాప్లిన్ వేషం కూడా కట్టాడు. అనగా ముప్పై మూడు సంవత్సరాల తరువాత వచ్చిన చిత్రం ఏ చిత్రానికి నమస్కరించిందని జనం అనుకున్నారో, ఆ చిత్రం కూడా తనకంటె పెద్దవానికి నమస్కరించే ఉంది. నివాళి అన్నది ఇలా చేతులు మారుతూ వస్తుంది. మరొక వర్గం ఈ చిత్రాన్ని పాశ్చాత్య అపరాధ పరిశోధక చిత్రాలతో పోల్చింది. ఇంకొక వర్గానికి ఈ గొడవ ఏదీ పట్టలేదు. కథ నడిచిందా, నవ్వు వచ్చిందా, చివరకు గుండె ఝల్లుమన్నదా అన్నదే వారికి కావలసింది.

ఈ మూడో వర్గం ప్రేక్షకులను తక్కువగా చూడడం పండితులకు అలవాటు. పాత చిత్రాలు చూడనివానికి కొత్త చిత్రంలోని మర్మాలు ఏమి తెలుస్తాయని వారి ఆక్షేపణ. ఈ ఆక్షేపణ నిలబడేది కాదు. పాత చిత్రం చూచినవానికి మాత్రమే అర్థమయ్యే ఉత్కంఠ అసలు ఉత్కంఠ కాదు, అది పొడుపుకథ. పొడుపుకథ విప్పినవాడు తన తెలివికి తాను మురిసిపోతాడు గాని, తెర మీది మనిషికి ఏమవుతుందోనని భయపడడు. పూర్వుల పద్ధతిని నిజంగా వంటబట్టించుకున్న దర్శకుడు ఆ పద్ధతిని ఎన్నడూ ఎరుగని ప్రేక్షకుని చేత కూడా ఊపిరి బిగబట్టించగలగాలి. గరిడేపల్లి ప్రేక్షకుడు హిచ్‌కాక్ పేరు వినకపోవచ్చు. వినకపోయినా కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాడంటే ఆ నివాళి సఫలమైనట్లే.

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1899లో ఇంగ్లండులో జన్మించి, 1980లో అమెరికాలో మరణించాడు. ‘రియర్ విండో’ (1954), ‘వెర్టిగో’ (1958), ‘సైకో’ (1960), ‘ది బర్డ్స్’ (1963) ఆయన తీసిన ప్రఖ్యాత చిత్రాల్లో కొన్ని. ఉత్కంఠకు, ఉలికిపాటుకు గల భేదాన్ని ఆయన ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో జరిపిన సంభాషణలో ఒక ఉదాహరణ ద్వారా వివరించాడు. ఆ సంభాషణలు 1966లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. ఇద్దరు మనుషులు బల్ల ముందు కూర్చొని మామూలు మాటలు మాట్లాడుకుంటూ ఉంటారు. బల్ల కింద బాంబు ఉన్నదని ప్రేక్షకునికి తెలియదు. అది పేలితే అతడు ఉలిక్కిపడతాడు. ఆ ఉలికిపాటు కొన్ని క్షణాలది. అదే బాంబును ప్రేక్షకునికి ముందే చూపి, అది పేలే సమయం కూడా చెప్పితే, ఆ ఇద్దరి మామూలు మాటలే అతనికి దుర్భరంగా తోస్తాయి. లేవండి, పొండి అని అరవాలనిపిస్తుంది. అది ఉత్కంఠ. దాని ఆయువు నిమిషాలలో ఉంటుంది. ప్రేక్షకునికి ఎక్కువ తెలియడం వల్లనే అతని భయం పెరిగిందన్నది ఇందులోని కీలకం.

ఈ సూత్రం సముద్రాలు దాటి రావలసిన అవసరం తెలుగువారికి లేదు. తిక్కన విరాటపర్వంలో కీచకవధ ఘట్టాన్ని చదివిన విద్యార్థికి ఇది పరిచయమైన సంగతే. ద్రౌపది కీచకునికి నర్తనశాలలో సంకేతం చెప్పింది. చీకటిలో ఆమె ఉండవలసిన చోట భీముడు ఉన్నాడు. ఈ సంగతి పాఠకునికి తెలుసు, కీచకునికి తెలియదు. అతడు అలంకరించుకొని, ఉవ్విళ్ళూరుతూ, చీకటిలోకి అడుగు పెడతాడు. అతడు పలికే ప్రతి ప్రియవచనమూ పాఠకుని చెవికి మృత్యువును పిలిచినట్లు వినిపిస్తుంది. బల్ల కింద బాంబు ఉన్నది, గడియారం నడుస్తున్నది. పదమూడవ శతాబ్ది కవికి తెరమీద బొమ్మ లేదు, నేపథ్య సంగీతం లేదు. శ్రోతకు ఎంత చెప్పాలో, పాత్రకు ఎంత దాచాలో మాత్రం తెలుసు. 1963లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో ‘నర్తనశాల’ వెండితెర కెక్కినప్పుడు, కీచకునిగా ఎస్‌.వి. రంగారావు నడిచి వస్తుంటే, కథ ముందే తెలిసిన ప్రేక్షకులు కూడా కళ్ళార్పకుండా చూచారు. యక్షగానాలు, బుర్రకథలు తెల్లవార్లూ చూచిన పల్లె ప్రజలకు ముగింపు తెలిసిన కథలో ఉత్కంఠ పొందడం కొత్త కాదు. ‘బాలనాగమ్మ’ కథలో మాయలఫకీరు ప్రాణం చిలుకలో ఉన్నదని తెలిసిన పిల్లవాడు, ఆ చిలుక దగ్గరకు చేయి చాచే వరకూ నిద్రపోడు. కోదాడ ప్రాంతపు గుడిబండలో జన్మించిన కాంతారావు కత్తి దూసిన జానపద చిత్రాలన్నింటిలోనూ నాయకుడు గెలుస్తాడని అందరికీ తెలుసు. అయినా ఆ మాంత్రికుని గుహలోకి అతడు ఒంటరిగా పోతుంటే హాలు నిశ్శబ్దమయ్యేది.

కనుక ఉత్కంఠ చిత్రాన్ని నేరస్థుడెవరన్న ప్రశ్న ఒక్కదానికే కుదించి చూడడం తగదు. తెలుగు చిత్రాల్లో ఆ ప్రశ్న మీదనే పూర్తిగా ఆధారపడినవి ఒకసారి చూచిన తరువాత మరుపున పడ్డాయి. మిగిలినవి మిగిలాయి. 1960 దశకంలో ‘ఆమె ఎవరు?’ (1966), ‘అవే కళ్ళు’ (1967) వంటివి వచ్చాయి. మొదటిది 1964 నాటి హిందీ చిత్రం ‘వో కౌన్ థీ’కి తెలుగు రూపం. ఆ రోజుల్లోనే అద్దె పుస్తకాల దుకాణాల్లో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ నవలలు చేతులు మారుతూ నలిగిపోయేవి. పాఠ్యపుస్తకం మధ్య దాచుకొని ఆ నవలలు చదివిన తరం, తెర మీద కూడా అదే రుచిని వెదికింది. 1985లో వంశీ తీసిన ‘అన్వేషణ’ ఈ వరుసలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. పక్షులను గురించి పరిశోధన చేయడానికి అడవికి వచ్చిన యువతి, ఆ అడవిలో పులి చేత జరుగుతున్నాయని జనం నమ్మే మరణాలు, ఎవరిని నమ్మాలో తెలియని పాత్రలు – ఇవి కథలోని దినుసులు. భానుప్రియ, కార్తీక్ నటించారు. ఇళయరాజా సంగీతం ఆ చిత్రంలో ఒక పాత్ర వలె పనిచేసింది. నేరస్థుడెవరో తెలిసిన తరువాత కూడా జనం ఆ చిత్రాన్ని మళ్ళీ చూడడానికి కారణం ఆ అడవి, ఆ ధ్వని. పొదల వెనుక ఏదో కదిలిన అనుభూతి గుట్టు తెలిసినా తగ్గదు. రాంగోపాల్‌వర్మ ‘క్షణ క్షణం’ (1991), చంద్రశేఖర్ యేలేటి ‘ఐతే’ (2003), ‘అనుకోకుండా ఒక రోజు’ (2005), శేఖర్ సూరి ‘ఎ ఫిల్మ్ బై అరవింద్’ (2005) తరువాతి మైళ్ళు. పెద్ద తారల చిత్రాల మధ్య ఇవి తమ చోటు తాము సంపాదించుకున్నాయి.

నివాళికి, నకలుకు భేదమేమిటన్న ప్రశ్న ప్రేక్షకులను ఎప్పుడూ రెండు పక్షాలుగా చీలుస్తుంది. ఇది తెలుగు ప్రేక్షకులకు మాత్రమే చెందిన కలహం కాదు. అమెరికాలో బ్రయన్ డి పాల్మా ‘అబ్సెషన్’ (1976), ‘డ్రెస్డ్ టు కిల్’ (1980) తీసినప్పుడు, ఆయన హిచ్‌కాక్‌ను ఆరాధించాడని కొందరు, కొల్లగొట్టాడని కొందరు వాదించుకున్నారు. మెల్ బ్రూక్స్ 1977లో ‘హై యాంగ్జైటీ’ అనే హాస్యచిత్రం తీసి, దానిని హిచ్‌కాక్‌కే అంకితమిచ్చాడు. 1998లో గస్ వాన్ శాంట్ ‘సైకో’ను దాదాపు దృశ్యానికి దృశ్యం తిరిగి తీశాడు. అంతటి విధేయత చూపినా అది మూలం కలిగించిన భయాన్ని కలిగించలేకపోయింది. అక్షరం పొల్లు పోకుండా అనుసరించడం గొప్ప భక్తి కావచ్చు గాని, దాని వల్ల చిత్రానికి ప్రాణం రాదని ఆ ప్రయోగం వల్ల తేలింది. ఇంటి దగ్గర వంట చూచి నేర్చుకున్నవారికి ఇందులో వింత లేదు. అమ్మ వేసిన ఉప్పు కొలిచి వేసినంత మాత్రాన అమ్మ చేతి పప్పు రాదు.

హిందీలో శ్రీరాం రాఘవన్ ఈ విషయంలో మెలకువ చూపాడు. 2007 నాటి ‘జానీ గద్దార్’ను ఆయన దర్శకుడు విజయ్ ఆనంద్‌కు, నవలా రచయిత జేమ్స్ హాడ్లీ చేజ్‌కు అంకితమిచ్చాడు. 2018లో వచ్చిన ‘అంధాధున్’కు ఒక ఫ్రెంచి లఘుచిత్రం ప్రేరణ అని ఒప్పుకున్నాడు. అందులో వెనుకటి తరపు సినిమా నటుని పాత్రకు 1970 దశకపు నటుడు అనిల్ ధవన్‌నే తీసుకొని, ఆయన నటించిన పాత పాటలనే తెర మీద వాడాడు. పాత సినిమా ఆ కథలోకి అతిథిలా రాలేదు. కథను నడిపే మనిషిగా వచ్చింది. ఈ చిత్రమే 2021 సెప్టెంబరు 17న మేర్లపాక గాంధీ దర్శకత్వంలో, నితిన్, తమన్నాలతో ‘మాస్ట్రో’ పేరిట తెలుగులో నేరుగా ఓటీటీ ద్వారా విడుదలయింది. ‘మాస్ట్రో’ను గురించి వచ్చిన అభిప్రాయాలను గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. హిందీ మూలం చూచినవారు ప్రతి మలుపు దగ్గరా మూలంతో సరిపోల్చుకున్నారు; వారికి ఆ చిత్రం తెలిసిన దారిలో రెండోసారి నడిచినట్లు తోచింది. మూలం చూడనివారికి అది కొత్త దారే. ఈ ఇద్దరిలో ఎవరి తీర్పు సరైనది? ఇద్దరిదీ అని చెప్పడం సులభం గాని, అది తప్పించుకొనే సమాధానం. చిత్రం చూడడానికి డబ్బు, సమయం వెచ్చించిన మనిషి తనకు ఎదురైన చిత్రాన్ని బట్టి తీర్పు చెప్పాలి. ఎదురుగా లేని చిత్రాన్ని బట్టి కాదు. ఈ దృష్టితో మూలం చూడనివాని మాటకే ఎక్కువ విలువ ఉంది. మూలాన్ని చూచినవాడు మూలకర్తకు న్యాయం జరిగిందా లేదా అని చెప్పగలడు. అది వేరే తగవు. ఆ తగవులో కూడా చూడవలసింది అప్పు తీసుకున్నవాడు అప్పు ఒప్పుకున్నాడా లేదా అన్నది. ఇతర భాషల కథలను పేరు చెప్పకుండా తెచ్చుకున్న కాలం తెలుగు సినిమాలో చాలా సాగింది. ఆ అలవాటుకు నివాళి అన్న అందమైన పేరు తగిలించడం న్యాయం కాదు.

‘ఏజెంట్ సాయి’ ఈ లెక్కలో ఎక్కడ నిలుస్తుంది? కథ దానికి సొంతం. నమస్కారం మాత్రమే పాతవారికి. నమస్కారంలో కూడా ఒక చమత్కారం ఉంది. నాయకుడు తాను చూచిన చిత్రాల్లోని పరిశోధకుల వలె ప్రవర్తించబోయి నవ్వులపాలవుతాడు. నెల్లూరు వీధిలో ఆ పోకడలు ఇమడవు. అతడు ఆ ముసుగు తీసి, తన ఊరి మనుషులను, తన ఊరి చావులను తన కళ్ళతో చూడడం మొదలుపెట్టిన తరువాతనే అసలు పరిశోధకుడవుతాడు. చిత్రకారులు అనుకొని చేశారో, అనుకోకుండా కుదిరిందో గాని, అనుకరణను గురించిన విమర్శ ఆ పాత్ర నడకలోనే ఉంది. దీనిని 2022లో ‘ఏజెంట్ కన్నాయిరం’ పేరుతో సంతానం కథానాయకుడుగా తమిళంలో తిరిగి తీశారు. అప్పుగా తెచ్చుకొనే తెలుగు సినిమా అప్పు ఇచ్చే స్థితికి రావడం ముచ్చటే.

ఈ చిత్రంపై ప్రేక్షకులు చెప్పిన ప్రధానమైన లోపం రెండో సగానికి సంబంధించినది. మొదటి సగంలో నవ్వుతో, చిన్న చిన్న చిక్కుముడులతో పరుగెత్తిన కథ, రెండో సగంలో వివరాల బరువుతో కుంగిందని చాలామంది అన్నారు. నేరం వెనుక గల ఏర్పాటు ఎలా పనిచేస్తుందో పాత్రల మాటల ద్వారా సుదీర్ఘంగా వివరించవలసి వచ్చింది. వినేవానికి పేర్లు, ఊళ్ళు, కారణాలు ఒకదాని మీద ఒకటి పడి, ఏది ఎందుకో తెలియకుండా పోయింది. ఈ ఫిర్యాదు న్యాయమైనదే. చూపవలసిన చోట చెప్పడం వల్ల ఉత్కంఠ సన్నగిల్లుతుంది. బాంబు ఎక్కడ ఉన్నదో చూపిన దర్శకుడు ఆ బాంబు తయారీ విధానాన్ని పాఠంగా చెప్పడం మొదలుపెడితే ప్రేక్షకుడు గడియారం వైపు చూస్తాడు.

అయితే ఈ లోపానికి గొప్పవారు కూడా అతీతులు కారు. ‘సైకో’ చివరలో ఒక మానసిక వైద్యుడు నిలబడి, జరిగినదంతా ఎందుకు జరిగిందో సావధానంగా వివరిస్తాడు. ఆ సన్నివేశం అవసరమా కాదా అన్న చర్చ నేటికీ ఉంది. అపరాధ పరిశోధక కథలకు ఇది పుట్టుకతో వచ్చిన వ్యాధి. ముడి ఎంత గట్టిగా వేస్తే విప్పడానికి అంత సమయం కావాలి. ‘ఏజెంట్ సాయి’ విషయంలో మరొక సంగతి కూడా గుర్తించాలి. అందులోని నేరం ఒక మనిషి ద్వేషం వల్లనో, ఆస్తి తగాదా వల్లనో జరిగినది కాదు. మరణానంతరం తమ వారికి మంచి గతి కలగాలని కోరుకొనే సామాన్యుల నమ్మకాన్ని కొందరు సొమ్ము చేసుకోవడం దానికి మూలం. ఇంతవరకు చెప్పడం గుట్టు విప్పడం కాదు. అటువంటి నేరాన్ని కళ్ళకు కట్టించడం ఒక కత్తిపోటును చూపినంత తేలిక కాదు. తల్లిదండ్రుల అస్థికలు కృష్ణలో కలపడానికి మట్టపల్లికో, వాడపల్లికో ప్రయాణమైన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో. అటువంటివారికి ఆ రెండో సగం వివరాల పట్టిక వలె గాక, తమ ఇంటి దుఃఖం మీద ఎవరో చేయి వేసినట్లు తగులుతుంది. నగరంలోని విమర్శకుడు బరువు అన్నది, ఇక్కడి ప్రేక్షకునికి ఆ చిత్రంలో అసలైన భయం కావచ్చు. కథనంలోని లోపం లోపమే. కాని ఆ లోపం ఉన్న చోటనే చిత్రం మాట్లాడదలచుకున్న విషయం కూడా ఉంది. నవ్వు కోసం వెళ్ళినవానికి అది కనిపించకపోతే తప్పు అతనిది మాత్రమే కాదు, ఆ నవ్వును అంతగా ఆశపెట్టిన చిత్రానిది కూడా.

ఇక గుట్టు దాచే మర్యాదను గురించి. 1955లో వచ్చిన ఫ్రెంచి చిత్రం ‘లె దియాబొలిక్’ ముగింపును ఇతరులకు చెప్పవద్దని తెర మీదనే ప్రేక్షకులను కోరింది. ‘సైకో’ విడుదలైనప్పుడు ఆట మొదలైన తరువాత ఎవరినీ లోపలికి రానివ్వరాదని హిచ్‌కాక్ థియేటర్లకు నియమం పెట్టాడు. లండన్ రంగస్థలం మీద 1952 నుండి ఆడుతూ వస్తున్న అగాథా క్రిస్టీ నాటకం ‘ది మౌస్‌ట్రాప్’ ముగిసిన తరువాత, నేరస్థుని పేరు బయట చెప్పవద్దని ప్రేక్షకులను అడగడం ఆనవాయితీ. తెలుగునాట ఇటువంటి కట్టుబాటు వేళ్ళూనలేదు. మలుపు ముందే చెప్పి, తోటివాని మొహంలో ఆశ్చర్యాన్ని చూచి ఆనందించేవారికి మన మధ్య కొదవ లేదు. పూర్వం ఈ ముప్పు బస్సులో పక్కన కూర్చున్నవాని వల్ల, టీ కొట్టు దగ్గర గట్టిగా మాట్లాడేవాని వల్ల ఉండేది. నేడు చేతిలోని ఫోను వల్ల ఉంది. కథ తెలిసినా కీచకవధ రుచిస్తుంది కదా, గుట్టు విప్పితే నష్టమేమిటని ఎవరైనా అడగవచ్చు. నష్టం ఉంది. కీచకవధలో తెలియవలసినది ఎంతో, ఎప్పుడో కవి నిర్ణయించాడు. ఫోనులో వచ్చిన వాక్యం కవిని అడిగి రాలేదు. తొలిసారి తెలియకుండా చూడడం, మలిసారి తెలిసి చూడడం అనే రెండు ఆనందాల్లో మొదటిదానిని ఒక అపరిచితుడు తీసుకుపోయాడు. తొలి ఆట చూడగలిగినవానికి ఈ బాధ లేదు. పంట పని ముగించుకొని నెల తరువాత చూచే గరిడేపల్లి రైతుకు, సెలవుల్లో ఇంటికి వచ్చి చూచే విద్యార్థికి ఉంది. ఆలస్యంగా చూడడం వారి తప్పు కాదు.

ఆ ఆలస్యపు ప్రేక్షకునికి కూడా ఒక చిత్రం గొప్ప గౌరవం చేసింది. 2013 నాటి మలయాళ చిత్రం ఆధారంగా శ్రీప్రియ దర్శకత్వంలో 2014లో వచ్చిన తెలుగు ‘దృశ్యం’లో వెంకటేష్ పోషించిన రాంబాబు పెద్ద చదువు లేని కేబుల్ ఆపరేటర్. రాత్రివేళ తన చిన్న గదిలో కూర్చొని సినిమాలన్నీ చూస్తాడు. ఏ విమర్శా చదవడు, ఏ దర్శకుని పోకడను గురించీ చర్చించడు. చూచిన ప్రతి దృశ్యాన్నీ మనసులో దాచుకుంటాడు. తన కుటుంబానికి ఆపద వచ్చిన నాడు, చట్టం తెలిసిన పెద్దలను ఎదుర్కోవడానికి అతని దగ్గర ఉన్నది ఆ పాత సినిమాలే. అందులో నేరం ఏమిటో ప్రేక్షకునికి మొదటనే తెలుసు, పోలీసులకు తెలియదు. వారి ఒక్కొక్క ప్రశ్నకూ హాలులో కూర్చున్నవారి గొంతు తడారుతుంది. రాంబాబు మాత్రం మరునాటి కేబుల్ పని గురించి మాట్లాడుతూ, తొణకకుండా జవాబు చెబుతూ ఉంటాడు.